హెచ్చుతగ్గుల ధ్వని – జంట ట్రాన్సిస్టర్ల వర్ధకము

మధ్యతరంగముల రేడియో ఇంటింట మ్రోగిన దినములలో జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల శ్రోతలకు చిరపరిచితమైన అనుభవ మొకటి యుండెడిది. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అరుగుపై రేడియో పెట్టుకొని విజయవాడ కేంద్రమును వినువారికి ధ్వని నిండుగా, నిలుకడగా వినవచ్చెడిది. ముల్లును హైదరాబాదు వైపు త్రిప్పగానే కథ మారెడిది. ఒక నిమిషము గాయకుని కంఠము ఎదుట కూర్చుండి పాడినట్లుండును. మరునిమిషమున నూతిలోనుండి పలికినట్లు క్షీణించును. అంతలో మరల తేరుకొనును. పల్లవి వినబడి చరణము మునిగిపోవును. నేటికిని దూరపు మధ్యతరంగ కేంద్రమును రాత్రివేళ వినువారికి ఈ సంగతి అనుభవమే.

ఇందులో కేంద్రముల దోషము గాని, రేడియో పెట్టె దోషము గాని లేదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. జగ్గయ్యపేటకు అది తిన్నని మార్గమున 70 కిలోమీటర్లకు కొంచె మెక్కువ దూరమున నున్నది. నందిగామకు ఇంకను చేరువ. భూమి వెంట ప్రాకి వచ్చు తరంగమే అంతదూరము బలముగా చేరును. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరిన హైదరాబాదు కేంద్రము జగ్గయ్యపేటకు తిన్నగా సుమారు 180 కిలోమీటర్లు. భూతరంగము అచ్చటికి చేరునప్పటికి అలసిపోవును. పగలు గగనమున క్రిందిపొర ఒకటి పైకి పోవు తరంగములను పీల్చివేయుచుండును. రాత్రి ఆ పొర కరగిపోగా, దానికి పైన సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున నున్న మరియొక పొర తరంగములను అద్దమువలె క్రిందికి త్రిప్పి పంపును. అప్పుడు జగ్గయ్యపేటలోని ఏరియలుకు ఒకే పాట రెండు దారుల వెంట వచ్చును.

హైదరాబాదు కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ తరంగము యొక్క పొడవు సుమారు 406 మీటర్లు. రెండు దారుల నిడివిలోని భేదము అందులో సగము, అనగా 203 మీటర్లు మారిన చాలును. ఒకదానికొకటి తోడుపడుచున్న తరంగములు ఒకదానినొకటి చంపుకొనును. లెక్క కట్టి చూచిన, గగనపు పొర దాదాపు 140 మీటర్లు పైకి గాని క్రిందికి గాని కదలిన నింత మార్పు కలుగును. నూరు కిలోమీటర్ల ఎత్తున నుండి నిరంతరము చలించుచుండు పొరకు 140 మీటర్లొక లెక్కయా? కనుకనే రాత్రి పాట అలలవలె లేచి పడుచుండును.

దీనికి మందు ఏమి? వచ్చు సంకేతము బలహీనమైనప్పుడు ఎక్కువగాను, బలమైనప్పుడు తక్కువగాను వర్ధిల్లజేయవలెను. శ్రోత చేతితో మరను త్రిప్పుచు కూర్చుండలేడు గదా! 1925-26 ప్రాంతమున హెరాల్డ్ వీలర్ అను అమెరికా ఇంజనీరు, రేడియో తనకు వచ్చు సంకేతమును తానే కొలుచుకొని తన బలమును తానే సర్దుకొను ఉపాయమును నిర్మించెను. తరువాత వచ్చిన మంచి రేడియోలలో నెల్ల అది చేరినది. వర్ధకము సంకేతమును ఎన్ని రెట్లు పెంచునో ఆ సంఖ్యకు వృద్ధి అని, వాడుకలో గెయిను అని పేరు. ఆ గెయినును నడుచుచుండగనే మార్చుట యెట్లు, మార్చునపుడు ధ్వనికి హాని కలుగకుండ చూచుట యెట్లు అనునదే నేటి ప్రసంగ విషయము. ఇది రేడియోకు మాత్రమే కాదు, మైకు ముందు మాటలాడు ప్రతి గొంతుకు సంబంధించినది.

ఈ సంగతి మేము పుస్తకముల వలన కాక, ఒక పొరపాటు వలన నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట నందిగామకు చేరువ నున్న ఒక గ్రామమున, మిరపకాయ కోతల పాటలు పాడు ఒక వృద్ధురాలి కంఠమును రికార్డు చేయుటకు పోయితిమి. ఆమె ఒక చరణమును తనలో తాను గొణుగుకొన్నట్లు పాడును. తరువాతి దానిని చేను ఆవలి గట్టు మీదివారికి వినబడునట్లు ఎత్తి పాడును. ఆ హెచ్చుతగ్గులను సర్దుటకు మేమొక ట్రాన్సిస్టరుతో ఒక చిన్న సాధనమును అమర్చుకొని పోయితిమి. చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని వినవలసినవారము, మీటరు ముల్లు చక్కగా నిలుచుట చూచి తృప్తిపడితిమి. ఇంటికి వచ్చి విన్నప్పుడు, ఆమె గొంతు ఎత్తిన ప్రతిచోట, దించిన ప్రతిచోట ఎవరో పెట్టెను గుద్దినట్లు ధడ్‌మను చప్పుడు వినిపించెను. ఆ చప్పుడు క్రింద మాటలు నలిగిపోయినవి. మరల రికార్డు చేయుదమని అనుకొనుచుండగనే ఆమె గతించినది. ఆ పాటలలో సగము మాటలు నేటికిని మాకు తెలియవు.

ఆ చప్పుడెక్కడిది? సమాధానము ట్రాన్సిస్టరు స్వభావములోనే యున్నది. ట్రాన్సిస్టరునకు మూడు కాళ్లు – ఎమిటరు, బేసు, కలెక్టరు. బేసునకు, ఎమిటరుకు నడుమ వోల్టేజి కొంచెము మారిన, కలెక్టరు ద్వారా పోవు విద్యుత్ప్రవాహము చాల మారును. ఎంత మారును? మామూలు గది వేడిలో, ప్రవాహమును 26 మిల్లీవోల్టులతో భాగించిన అది తెలియును. అర మిల్లీఆంపియరు ప్రవహించుచున్నచో, బేసుపై ఒక్క మిల్లీవోల్టు మార్పునకు ప్రవాహము సుమారు 0.019 మిల్లీఆంపియరు మారును. ఈ మార్పును 4.7 కిలోఓముల నిరోధకము గుండా పోనిచ్చిన, దాని కొనల మధ్య 90 మిల్లీవోల్టుల మార్పు లభించును. అనగా వృద్ధి 90 రెట్లు. ఈ సూత్రములో మనకు కావలసిన కీలకము కూడ నున్నది: ప్రవాహమును పదవ వంతు చేసిన వృద్ధియు పదవ వంతగును. ప్రవాహమును మార్చిన చాలును, గెయిను దానంతట అది మారును.

కాని కష్టమును అందులోనే కలదు. ప్రవాహము నూరవ వంతు నుండి అర మిల్లీఆంపియరునకు పెరిగినప్పుడు, అదే 4.7 కిలోఓముల నిరోధకములో నిలుకడ వోల్టేజి కూడ 2.3 వోల్టులు మారిపోవును. వచ్చుచున్న గొంతు ఒక మిల్లీవోల్టు అనుకొన్న, అది పెరిగి 90 మిల్లీవోల్టులు మాత్రమే యగును. ఆజ్ఞ యొక్క చప్పుడు పాటకంటె ఇరువదియైదు రెట్లు పెద్దది! మా పెట్టెలో జరిగినది ఇదియే. గెయినును మార్చుమని మేమిచ్చిన ఆజ్ఞ, పాటతో పాటు అదే దారిని బయటికి వచ్చి, పాటనే నలిపివేసినది.

ఇట్టి చోట నాలుగు ట్రాన్సిస్టర్లు వరుసగా పెట్టిన లాభము లేదు. రెండింటిని జతగా పెట్టవలెను. ఈ జతకు భేద వర్ధకమని, ఇంగ్లీషువారి వాడుకలో డిఫరెన్షియల్ యాంప్లిఫయరు అని పేరు. ట్రాన్సిస్టరు పుట్టుటకు ముందే, శూన్యనాళికల కాలముననే, బ్రిటిషు ఇంజనీరు ఆలన్ బ్లూమ్‌లైన్ 1936లో ఇట్టి జతకు పేటెంటు కోరెను. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు అవతరించిన పిమ్మట ఈ జత క్రొత్త సాధనములలోనికి సులభముగా మారినది. నేడు చేతి ఫోనులోని చిన్న తునకలయందును ఈ జతలు లెక్కకు మించి యున్నవి.

దీని నడక మెట్ట రైతునకు వెంటనే బోధపడును. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువ నీరు నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మెట్టకు చేరిన పిమ్మట కాలువ చీలు చోట తూముల సంగతి ఎరుగని రైతు లేడు. ఒక కాలువ సమానమైన రెండు పిల్లకాలువలుగా చీలినదనుకొనుడు. రెండు తూములును సమముగా తెరచియున్న నీరు చెరిసగము పారును. ఒక తూమును కొంచె మెత్తిన, దాని వాటా పెరుగును. పెరిగినంతయు రెండవదానిలో తగ్గును. మొత్తము మాత్రము పైనుండి వచ్చినంతయే. ఇప్పుడు పై కాలువలో నీరు రెట్టింపు చేసితిమి. ఏమగును? రెండు పిల్లకాలువలలోను నీరు సమముగా పెరుగును. తూముల ఎత్తులోని అదే చిన్న తేడాకు, వాటాలలోని తేడా కూడ రెట్టింపగును.

జంట ట్రాన్సిస్టర్లలో సరిగా నిదియే జరుగును. రెండింటి ఎమిటర్లను ఒకచోట కలిపి, ఆ కూడలి నుండి ఒకే ప్రవాహమును లాగుదుము. ఆ ప్రవాహమునకు తోక ప్రవాహమని పేరు. రెండు బేసులు రెండు తూములు. వాని మధ్య వోల్టేజి భేదమే మన సంకేతము. తోక ప్రవాహము ఎంతయో వృద్ధియు అంత. తోకను పెంచినపుడు రెండు కలెక్టరులును సమముగా క్రిందికి దిగును. తగ్గించినపుడు సమముగా పైకి లేచును. మనము ఏ ఒక్క కలెక్టరును వినక, రెండింటి మధ్య భేదమును మాత్రమే విందుము. పాట రెండు కలెక్టరులయందును ఎదురెదురుగా నుండును గనుక భేదములో నిలుచును. ఆజ్ఞ రెండింటియందును ఒకేరీతిగా నుండును గనుక భేదములో రద్దగును. ఆజ్ఞకు ఒక దారి, పాటకు ఒక దారి – ఈ విభజనయే జంట వర్ధకపు ప్రాణము.

ఇక అంకెలు. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి, నడిమి కొనను నేల అనుకొనుడు. అప్పుడు పైన ధన 9 వోల్టులు, క్రింద ఋణ 9 వోల్టులు లభించును. రెండు కలెక్టరులకును 4.7 కిలోఓముల నిరోధకములు చెరియొకటి పై తీగకు కలుపుడు. తోక ప్రవాహము 1 మిల్లీఆంపియరు అయినచో ఒక్కొక్క ట్రాన్సిస్టరునకు అర మిల్లీఆంపియరు వచ్చును, కలెక్టరులు 6.65 వోల్టుల వద్ద నిలుచును. భేదముగా విన్న వృద్ధి 90. తోకను 0.1 మిల్లీఆంపియరు చేసిన వృద్ధి 9. మరియు 0.01 చేసిన వృద్ధి 0.9, అనగా వచ్చినది వచ్చినట్లు బయటకు పోవును. ఒక్క జతతోనే నూరు రెట్ల సర్దుబాటు, డెసిబెల్ లెక్కలో 40, లభించినది. రాత్రి పాట మునిగి తేలుటకు ఇది చాలవరకు సరిపోవును.

తోకను లాగుటకు మూడవ ట్రాన్సిస్టరు కావలెను. దాని కలెక్టరును జంట ఎమిటర్ల కూడలికి, ఎమిటరును 2.2 కిలోఓముల నిరోధకము ద్వారా ఋణ తీగకు కలుపుదుము. ఋణ తీగకంటె దాని బేసు సుమారు 2.9 వోల్టులు పైన నుండిన తోక 1 మిల్లీఆంపియరు; బేసు సుమారు 0.55 వోల్టునకు దిగిన తోక 0.01 మిల్లీఆంపియరు. ఈ బేసే మన ఆజ్ఞాస్థానము. అచ్చట ఎమిటరు నిరోధకము నెందుకని కొందరు తీసివేయుదురు. అట్లు చేయరాదు. స్థిరమైన బేసు వోల్టేజి వద్ద ట్రాన్సిస్టరు ఒక్క డిగ్రీ వేడెక్కిన, బేసుపై 2 మిల్లీవోల్టులు పెంచినంత పని జరుగును. ప్రవాహము నూటికి ఎనిమిది వంతున పెరుగును. ఉదయపు 25 డిగ్రీల నుండి నందిగామ వేసవి మధ్యాహ్నము 45 డిగ్రీలను సమీపించు సరికి ఆ ప్రవాహము నాలుగు రెట్లు దాటిపోవును. నిరోధకము దానిని అదుపులో నుంచును.

వేడి మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పవలెను. 26 మిల్లీవోల్టులు అను ఆ అంకె కూడ వేడితో మారునదే. 27 డిగ్రీల వద్ద 25.9 ఉన్నది, 45 డిగ్రీల వద్ద 27.4 అగును. అందువలన వృద్ధి నూటికి ఆరు వంతులు తగ్గును. అది అర డెసిబెల్, చెవికి తెలియదు. కాని జంటలో ఒక ట్రాన్సిస్టరు రెండవదానికంటె ఒకే ఒక్క డిగ్రీ వేడిగా నున్నచో, రెండు బేసుల మధ్య 2 మిల్లీవోల్టుల దొంగ భేదము పుట్టును. 90 రెట్ల వృద్ధి వద్ద అది 180 మిల్లీవోల్టులై బయటపడును. వృద్ధి తగ్గగానే మాయమగును. అట్లు వచ్చి పోవుటయే మరల ఆ ధడ్‌మను చప్పుడు. కనుక మన మెట్ట ఎండకు భయపడవలసిన పని లేదు. రెండింటి నడుమ ఎండలోని తేడాకు భయపడవలెను. రెండు ట్రాన్సిస్టర్లను చదునైన మొగములు తగులునట్లు ప్రక్కప్రక్కన నుంచి, ఒకే రాగి రేకుతో చుట్టి, గాలి వీవకుండ పెట్టెలో మూయుట మంచిది.

జతను ఏరుట యెట్లు? బజారులో దొరకు బి.సి. 547 వంటి సిలికాను ట్రాన్సిస్టర్లను పది పదునైదు తెచ్చి, ఒక్కొక్కదానిలో ఒకే ప్రవాహమును పంపి, బేసునకు ఎమిటరుకు మధ్య వోల్టేజిని కొలువవలెను. 2 మిల్లీవోల్టులలోపున కలిసిన రెండింటిని జతగా తీసికొనవలెను. కొలుచునపుడు వ్రేళ్లతో పట్టుకొన్నచో వ్రేలి వేడికే అంకె మారును. తగిలించి, చేయి తీసి, కొంతసేపు ఆగి చూడవలెను. ఈ ఓపిక లేనివారు ఒకే సిలికాను తునకపై తయారైన జంటను కొనవచ్చును. అందులో రెండును ఒకే వేడిలో పుట్టి, ఒకే వేడిలో పనిచేయును.

ఎంత ఏరినను కొంత తేడా మిగులును. నిరోధకములలోను తేడా యుండును. ఈ రెండు దోషములకు వేరు వేరు మందులు కావలెనని తోచును గాని, అట్లు కాదు. కలెక్టరు నిరోధకములలోని తేడావలన పుట్టు దొంగ వోల్టేజి తోక ప్రవాహముతో పాటు పెరుగును. ట్రాన్సిస్టర్ల తేడావలన పుట్టునదియు అదే నిష్పత్తిలో పెరుగును. రెండును ఒకే అడుగున నడచునప్పుడు ఒకదానితో రెండవదానిని చంపవచ్చును గదా! నిరోధకములలో నూటికి ఒక వంతు తేడా, బేసుల వద్ద పావు మిల్లీవోల్టు తేడాకు సమానము. కనుక రెండు కలెక్టరు నిరోధకముల పై కొనల మధ్య 500 ఓముల పొటెన్షియోమీటరు నుంచి, దాని నడిమి కాలిని ధన తీగకు కలిపిన చాలును. దానిని ఒక్కసారి సరిచేసినచో తోక ఎంత మారినను సమత చెడదు. వృద్ధి కొంచెము పెరుగును, అంతే. కొందరు ఈ సర్దుబాటును ఎమిటర్ల నడుమ పెట్టుదురు. అచ్చట అది ఒక్క ప్రవాహము వద్ద సరిపోవును, మరియొకదాని వద్ద చెడును. వృద్ధి మారని వర్ధకములో అది తప్పు కాదు. మన పనికి మాత్రము పనికిరాదు.

బేసుల నుండి నేలకు పెట్టు నిరోధకముల విషయమునను జాగ్రత్త వహింపవలెను. బేసు కూడ కొంచెము ప్రవాహమును త్రాగును. అర మిల్లీఆంపియరు కలెక్టరు ప్రవాహమునకు, రెండు వందల రెట్ల ట్రాన్సిస్టరులో అది 2.5 మైక్రోఆంపియర్లు. బేసు నిరోధకము 10 కిలోఓములైనచో అచ్చట 25 మిల్లీవోల్టులు పడును. రెండు ట్రాన్సిస్టర్లు త్రాగునది నూటికి పది వంతులు తేడాయైనను 2.5 మిల్లీవోల్టుల దొంగ భేదము పుట్టును. ఇది తోకతో పాటు తానును మారును గనుక పై సర్దుబాటునకు లొంగదు. 1 కిలోఓము పెట్టినచో ఈ బాధ పదవ వంతునకు దిగును. మైకును ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కలుపువారికి ఇట్టి తక్కువ నిరోధకము వలన ఇబ్బంది లేదు.

రెండు కలెక్టరులను తరువాతి దశకు కలుపునప్పుడు ఆ దశయు భేదమును మాత్రమే గ్రహించునదై యుండవలెను. మరియొక జంటనైనను, మంచి ఆపరేషనల్ యాంప్లిఫయరునైనను వాడవచ్చును. రెండు కలెక్టరులును కలిసి 2.3 వోల్టులు కదలినప్పుడు ఆ దశ అందులో వెయ్యవ వంతు మాత్రమే లోనికి రానిచ్చినను, 90 మిల్లీవోల్టుల పాట ప్రక్కన మిగులునది 2.3 మిల్లీవోల్టులే. ఇచ్చట ఆశపడి ఒక్క కలెక్టరు నుండియే ధ్వనిని తీసికొన్నచో, రెండు ట్రాన్సిస్టర్లు కొనియు ఒకటి కొన్నంత ఫలమే. చప్పుడు సంపూర్ణముగా తిరిగి వచ్చును.

ఇప్పుడు ఈ సాధనముయొక్క హద్దును చెప్పవలెను. తూముల ఉపమానము చిన్న తేడాలకే చెల్లును. బేసుల మధ్య 60 మిల్లీవోల్టుల భేదమున్న తోక ప్రవాహములో నూటికి 91 వంతులు ఒక వైపుననే పోవును. 120 మిల్లీవోల్టులైన 99 వంతులు పోవును. ఆపైన ఎంత పెంచినను పోవలసిన నీరు పోయినదే. అలల శిఖరములు అణగిపోయి, మూలధ్వనికి మూడు రెట్ల కంపనములు గల కల్తీ ధ్వని పుట్టును. అల శిఖరము 10 మిల్లీవోల్టులలో నున్నచో ఆ కల్తీ నూటికి 0.3 వంతు, 18 మిల్లీవోల్టులైన ఒక వంతు, 26 అయిన సుమారు రెండు వంతులు. తోకను తగ్గించి వృద్ధిని తగ్గించినంత మాత్రమున ఈ హద్దు పెరుగదు. చాలమంది మోసపోవు చోటు ఇదియే. గొంతు పెద్దదైనప్పుడు గెయిను తగ్గినది గదా అని నిశ్చింతగా నుందురు. కాని పెద్ద గొంతు బేసుల వద్దనే నలిగిపోవును. కనుక ఎదురుచూచు మిక్కిలి పెద్ద సంకేతము సుమారు 15 మిల్లీవోల్టులు మించకుండ, జంటకు ముందే నిరోధకములతో పంచి ఇయ్యవలెను. ఎమిటర్లలో నిరోధకములు చేర్చి హద్దును పెంచవచ్చును గాని, అప్పుడు వృద్ధి తోకకు లొంగుట తగ్గిపోవును. 1968లో బారీ గిల్బర్ట్ ప్రకటించిన మార్గము వేరు: ఎదురు వక్రత గల మరియొక జతను ముందుంచి, వంకరను వంకరతోనే సరిదిద్దుట. మరుసటి సంవత్సరము ఆర్.సి.ఎ. సంస్థ తెచ్చిన సి.ఎ. 3080 అను తునకలో తోక ప్రవాహమునకు ప్రత్యేకముగా ఒక కాలు నిచ్చిరి. మనము చేతితో అమర్చుకొనునది దానికి అన్నవంటిది.

ఇక తనను తాను సర్దుకొనుట. చివరి ధ్వనిలో కొంత తీసి, డయోడుతో ఏకముఖము చేసి, ఒక కెపాసిటరులో నింపి, ఆ వోల్టేజి పెరిగిన కొలదియు మూడవ ట్రాన్సిస్టరు బేసు దిగునట్లు కలుపవలెను. కెపాసిటరు ఎంత త్వరగా ఖాళీయగునో చూచుకొనవలెను. 100 కిలోఓములు, ఒక మైక్రోఫారడు కలిసిన ఆ కాలము సెకనులో పదవ వంతు. 50 హెర్ట్జ్ మంద్రధ్వనికి ఒక్క కంపనము సెకనులో ఏబదవ వంతు. అంతకంటె చాల ఎక్కువ కాలము పెట్టకపోయిన సాధనము మృదంగపు అలనే గెయిను మార్పుగా భ్రమపడి దానిని చదును చేయును. మరీ ఎక్కువ పెట్టిన, పెద్ద గొంతు తరువాత దించి పాడిన మొదటి అక్షరములు ఎగిరిపోవును. గాత్రమునకు వేరు, రేడియో మునుగుట తేలుటకు వేరు. చెవి చెప్పినట్లు నిర్ణయించుకొనవలెను.

ఒక మాట మరువరాదు. గెయిను పెంచిన పాటతో పాటు రొదయు పెరుగును. రెండు దారుల తరంగములు పోరాడునప్పుడు పాటలోని కొన్ని కంపనములు మాత్రమే నశించి ధ్వని వికృతమగుట కూడ కలదు. దానిని ఏ సర్దుబాటును నయము చేయలేదు. వర్ధకము ఉన్నదానిని చూపగలదు గాని, లేనిదానిని తెచ్చి యియ్యలేదు.

సాధనము పూర్తియైన పిమ్మట దానిని పరీక్షించు పద్ధతి మిక్కిలి సులభము. రెండు బేసులను నేలకు కలిపి, పాట ఏదియు రాకుండ చేసి, హెడ్‌ఫోనులు పెట్టుకొని, ఆజ్ఞ వోల్టేజిని ఒక్కసారిగా క్రిందినుండి పైకి, పైనుండి క్రిందికి మార్చి చూడుడు. మెల్లని రొద హెచ్చి తగ్గుట తప్ప మరేమియు వినబడరాదు. ధడ్‌మని వినిపించినచో పొటెన్షియోమీటరును కొంచెము త్రిప్పి మరల మార్చుడు. చప్పుడు సన్నగిల్లి, ఒకచోట అణగి, దాటిన మరల లేచును. అణగినచోట ఆపుడు. వేసవి మధ్యాహ్నమున మరియొకసారి చూడుడు. జంట మంచిదైన, అప్పుడును మౌనముగనే యుండును.

మేమా గ్రామమునకు పోవుటకు ముందు ఈ పరీక్ష ఒక్కసారి చేసియున్న, ఒక పొటెన్షియోమీటరు ఖర్చుతో ఆ పాటలు దక్కియుండెడివి. మన పల్లెలలో ఇట్టి కంఠములు ఇంకను ఉన్నవి. పెట్టెను ముందు మౌనముగా వినుడు. తరువాత ఆ గొంతులను వినుటకు పొండు.